ప్రమాదం తర్వాత కోత ఎవరికి? మోటారు ఇన్సూరెన్స్ వెనక రెండు చరిత్రలు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మన కారు డాష్‌బోర్డు అరలోనో, ఇంట్లో బీరువాలోనో మడతపెట్టి ఉండే ఒక కాగితం చరిత్ర చెప్పుకుందాం. అదే మోటారు ఇన్సూరెన్స్ పాలసీ. ఏటా కడతాం, రసీదు దాచుకుంటాం, లోపల ఏముందో మాత్రం చూడం. చూసే రోజు వచ్చేసరికి బండి షెడ్డులో ఉంటుంది. నా సంగతీ అంతే.

ఒక వానాకాలం సాయంత్రం నా ముందు ఒక ట్రాలీ ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేక్ వేశాను గానీ కారు ఆగలేదు, జారింది. ముందు బంపరు పగిలింది, ఒక పక్క ఫెండరు నొక్కుకుపోయింది, ట్రాలీలోంచి బయటికి పొడుచుకొచ్చిన పైపు తగిలి ముందు అద్దం బీటలిచ్చింది. దేవుడి దయవల్ల మనుషులకి ఏమీ కాలేదు. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, మనకేంటి" అనుకుని ధీమాగా షెడ్డుకి తీసుకెళ్ళాను. వారం తర్వాత బిల్లు చేతికొచ్చింది. మొత్తం 22,500. కంపెనీ ఇచ్చేది 17,000. మిగతా 5,500 నేను కట్టాలి.

"ఫుల్ ఇన్సూరెన్స్ అయితే 5,500 నేనెందుకు కట్టాలండీ?" అని అడిగాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు "రూల్ అంతే సార్" అన్నాడు. ఆ రూల్ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్తే దారి కార్ల దగ్గర ఆగలేదు. ఓడల దాకా వెళ్ళింది. అక్కడి నుంచి వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో విషయం తెలిసింది. అది మా ఇంటి విషయం. అది చివర్లో చెప్తాను.

ముందు నా బిల్లు విప్పి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు గుండ్రంగా చెప్తున్నాను, జీఎస్టీ పక్కన పెడుతున్నాను. అప్పటికి నా కారు వయసు మూడున్నరేళ్ళు. బంపరు 6,000. అది ప్లాస్టిక్. ప్లాస్టిక్, రబ్బరు, నైలాను భాగాలకి, టైర్లకి, బ్యాటరీలకి సగం తరుగు కోస్తారు. కాబట్టి కంపెనీ వాటా 3,000. ఫెండరు 4,000. అది రేకు. రేకు భాగాలకి బండి వయసుని బట్టి తరుగు. మొదటి ఆరు నెలలు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ళ లోపు 10, మూడేళ్ళ లోపు 15, నాలుగేళ్ళ లోపు 25, అయిదేళ్ళ లోపు 35, పదేళ్ళ లోపు 40, ఆపైన 50. నాకు 25 పడింది, కంపెనీ వాటా 3,000. అద్దం 5,000. అద్దానికి తరుగు లేదు, మొత్తం ఇచ్చారు. కూలీ 3,500, అదీ మొత్తం. పెయింటింగు 4,000. అందులో పావు వంతు రంగు ఖరీదు కింద లెక్కేసి, ఆ 1,000లో సగం కోశారు. అంటే 3,500 వచ్చింది. అన్నీ కూడితే 18,000. అందులోంచి ఇంకో 1,000 తీసేశారు. మిగిలింది 17,000.

చివర్లో తీసేసిన ఆ వెయ్యి ఉంది చూశారూ, దాన్నే కంపల్సరీ డిడక్టిబుల్ అంటారు. పాత సర్వేయర్లు 'ఎక్సెస్' అంటారు. 1500 సీసీ లోపు కారైతే 1,000, ఆపైన కారైతే 2,000. ఎన్నిసార్లు క్లెయిమ్ చేస్తే అన్నిసార్లూ పోతుంది. తరుగు అనేది పాత వస్తువు బదులు కొత్త వస్తువు వస్తోంది కాబట్టి కోసే కోత. డిడక్టిబుల్ అలా కాదు. నష్టంలో మొదటి ముక్క బండి యజమానే భరించాలి అన్న ఒప్పందం అది. రెండూ వేరు. అందుకే జనం 'బంపర్ టు బంపర్' అనే జీరో డెప్ పాలసీ తీసుకున్నా తరుగు పోతుంది గానీ, ఈ వెయ్యి పోదు.

సరే, ఇక ఓడల దగ్గరికి వెళ్దాం.

1680ల నాటికి లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హోటల్ నడిపేవాడు. ఓడల యజమానులు, కెప్టెన్లు, సరుకు పంపే వర్తకులు అక్కడే చేరేవాళ్ళు. ఓడ బయల్దేరే ముందు దాని నష్టంలో ఎవరు ఎంత భరిస్తారో ఒక కాగితం మీద రాసుకుని, కింద సంతకాలు పెట్టేవాళ్ళు. 'అండర్‌రైటర్' అనే మాటకి మూలం అదే, కింద రాసేవాడు అని. ఆ కాఫీ హోటల్ పేరు మీదే తర్వాత లాయిడ్స్ అనే ఇన్సూరెన్స్ బజారు పుట్టింది.

ఆ కాగితాలతో ఒక చిక్కొచ్చింది. సముద్రంలో నెలల తరబడి ప్రయాణం చేసే సరుకు ఎంతో కొంత పాడవుతుంది. ధాన్యం చెమ్మ పడుతుంది, పళ్ళు కుళ్ళుతాయి, పంచదార కరుగుతుంది. అది తుఫాను వల్ల పాడైందా, సరుకు స్వభావం వల్ల పాడైందా? ఎవరు తేల్చాలి? ప్రతి మూటకీ వర్తకుడు క్లెయిమ్ పెడితే, నష్టం కంటే దాన్ని విచారించే ఖర్చే ఎక్కువవుతుంది. అందుకని 1749లో పాలసీ అడుగున ఒక గమనిక చేర్చారు. దాన్ని 'మెమొరాండమ్' అంటారు. ధాన్యం, చేపలు, ఉప్పు, పళ్ళు, పిండి, విత్తనాల లాంటి సరుకులో కొంత భాగమే పాడైతే, ఓడ నేలకెక్కడం లాంటి పెద్ద ఆపద ఉంటే తప్ప ఏమీ ఇవ్వరు. పంచదార, పొగాకు, జనపనార, తోళ్ళ లాంటి వాటికి నష్టం 5 శాతం దాటితేనే ఇస్తారు. మిగతా సరుకులకి, ఓడకి, కిరాయికి 3 శాతం దాటాలి.

నా వెయ్యి రూపాయల పూర్వీకుడు ఇదేనండీ. ఒక తేడా మాత్రం ఉంది. ఆ పాత పద్ధతిలో 3 శాతం దాటితే మొత్తం నష్టం ఇచ్చేవాళ్ళు. దాన్ని ఫ్రాంచైజ్ అంటారు. దీనివల్ల ఏమవుతుంది? నష్టం రెండున్నర శాతమైతే వర్తకుడికి సున్నా. మూడున్నర అయితే మొత్తం. మనిషి సహజంగా ఏం చేస్తాడు? రెండున్నరని మూడున్నర చేస్తాడు. డిడక్టిబుల్ పద్ధతిలో ఆ ఆశ ఉండదు. ఎంత నష్టమైనా మొదటి ముక్క ఎప్పుడూ యజమానిదే.

ఈ మెమొరాండమ్ ఎప్పుడో పోయిన పాత సంగతి అనుకోకండి. లాయిడ్స్ 1779లో ఆ పాలసీ నమూనాని ఖరారు చేసింది. బ్రిటన్ 1906 చట్టంలో దాన్నే షెడ్యూల్‌గా పెట్టారు. మన దేశం 1963లో చేసుకున్న మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం షెడ్యూల్లో కూడా అదే నమూనా, అవే సరుకుల పేర్లు, అదే 5 శాతం, 3 శాతం కనిపిస్తాయి.

మనిషి బుద్ధి గురించి ఓడల వర్తకులకి అనుభవం మీద తెలిసిన దాన్ని 1963లోనే కెన్నెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికవేత్త లెక్కలతో నిరూపించాడు. ఆయన రాసింది వైద్య ఖర్చుల గురించి. కానీ సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తన నిర్వహణ ఖర్చుని ప్రీమియంలో కలుపుకుంటుంది కదా. అలాంటప్పుడు రిస్క్ అంటే భయపడే మనిషికి ఏ పాలసీ మేలు? చిన్న నష్టం తను భరించి, ఆ గీత దాటిన పెద్ద నష్టం మొత్తాన్ని కంపెనీ మీద పెట్టే పాలసీ. ఆరోకి 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే డిడక్టిబుల్ కంపెనీ మన జేబు కొట్టే ఎత్తు ఒక్కటే కాదు. సొట్టకి మనం కట్టుకుంటే, కారు నుజ్జయిన రోజున కంపెనీ నిలబడగలుగుతుంది.

ఇక మన దేశానికి వద్దాం. ఇన్సూరెన్స్ మన తెలుగువాళ్ళకి కొత్త వ్యాపారమేమీ కాదు. మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దేశంలో జనరల్ ఇన్సూరెన్స్ వ్యాపారం చాలా చేతుల్లో ఉండేది. ప్రభుత్వం 1971లో వాటి యాజమాన్యాన్ని తీసుకుంది. 1972లో జాతీయీకరణ చట్టం చేసి, 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలని నాలుగింటిలో కలిపేసింది. కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా.

ఆ రోజుల్లో రేట్లు కంపెనీలు పెట్టుకునేవి కావు. టారిఫ్ అడ్వైజరీ కమిటీ ఒక పుస్తకం వేసేది. దాన్ని ఇండియా మోటార్ టారిఫ్ అనేవాళ్ళు. ప్రీమియం ఎంత, తరుగు ఎంత, డిడక్టిబుల్ ఎంత, అన్నీ అందులోనే. 2002 టారిఫ్‌లో కార్ల డిడక్టిబుల్ 500, 1,000 ఉండేది. తర్వాత రెట్టింపైంది. 2007 జనవరి 1న బండి నష్టానికి సంబంధించిన రేట్లని వదిలేశారు. కంపెనీలు పోటీ పడటం మొదలైంది. కానీ పాలసీ మాటలు, తరుగు పట్టికా చాలావరకు ఆ పాత పుస్తకంవే. కౌంటర్లో కుర్రాడు "రూల్ అంతే" అన్నది అబద్ధం కాదు. ఆ రూల్ ఎక్కడిదో అతనికి ఎవరూ చెప్పి ఉండరు, అంతే.

ఇక్కడ ఇంకో లెక్క కూడా చెప్పుకోవాలి. క్లెయిమ్ చేయకుండా ఉన్నందుకు వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్. మొదటి ఏడాది తర్వాత 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్ళకి 50. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోతుంది. నాకు అప్పటికి 35 ఉంది. క్లెయిమ్ చేయకపోతే తర్వాతి ఏడాది 45 వచ్చేది. నా బండి నష్టం ప్రీమియం 8,000 అనుకుంటే, క్లెయిమ్ వల్ల ఆ ఏడాది 3,600 ఎక్కువ కట్టాలి. ఆ తర్వాతి ఏడాది 50 బదులు 20 కాబట్టి ఇంకో 2,400. అంటే రెండేళ్ళలో 6,000. నాకు వచ్చింది 17,000 కాబట్టి క్లెయిమ్ చేయడం దండగ కాలేదు. అదే 4,000 బిల్లుకి క్లెయిమ్ చేసి ఉంటే నష్టపోయేవాణ్ణి. చిన్న గీత పడగానే షెడ్డువాళ్ళు "క్లెయిమ్ పెట్టేద్దాం సార్" అంటారు. ఈ లెక్క వేసుకున్నాకే తల ఊపండి.

ఇంతవరకు చెప్పింది పాలసీలో ఒక సగం. నా బండికి తగిలిన దెబ్బకి నాకు వచ్చే డబ్బు. ఈ సగం ఓడల నుంచి వచ్చింది, అందుకే అందులో కోతలున్నాయి. ఇంకో సగం ఉంది. నా బండి వేరే మనిషికి తగిలితే ఆ మనిషికి వచ్చే డబ్బు. థర్డ్ పార్టీ అంటాం. ఆ సగం ఓడల నుంచి రాలేదు. అది రోడ్డు మీద పడిపోయిన మనుషుల నుంచి వచ్చింది. దాని కథ వేరు.

1920ల బ్రిటన్. కార్లు పెరిగాయి, ప్రమాదాలు పెరిగాయి. దెబ్బ తగిలినవాడు కోర్టుకి వెళ్ళి గెలవచ్చు. కానీ గుద్దినవాడి దగ్గర డబ్బు లేకపోతే? హారింగ్టన్ మోటార్ కంపెనీ అనే కేసులో సరిగ్గా అదే జరిగింది. ఆ కంపెనీ కారు ఒక మనిషిని గుద్దింది. అతను కేసు వేసి గెలిచాడు. ఆ లోపు కంపెనీ దివాలా తీసింది. కంపెనీకి ఇన్సూరెన్స్ ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఈ ప్రమాదం తాలూకు డబ్బు కట్టారు కూడా. కానీ ఎవరికి? దివాలా తీసిన కంపెనీ ఆస్తులు చూసే అధికారికి. ఆ డబ్బు కంపెనీకి అప్పులిచ్చిన వాళ్ళందరికీ పంచాల్సిందేనని 1928లో కోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్ ఒప్పందం కంపెనీకీ, ఇన్సూరెన్స్ వాళ్ళకీ మధ్య ఉంది. దెబ్బలు తిన్న మనిషి ఆ ఒప్పందంలో లేడు. కాళ్ళు చేతులు విరిగింది ఒకడికి, ఆ విరిగినందుకు వచ్చిన డబ్బు అప్పులవాళ్ళకి!

ఈ తీర్పు చాలామందికి మింగుడు పడలేదు. 1930లో బ్రిటన్ రెండు చట్టాలు చేసింది. ఒకటి, బండి యజమాని దివాలా తీస్తే, ఇన్సూరెన్స్ కంపెనీని అడిగే హక్కు దెబ్బ తగిలినవాడికి వస్తుంది. రెండోది రోడ్ ట్రాఫిక్ చట్టం, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కకూడదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం అంతకుముందే 1927 నుంచి తప్పనిసరి చేసింది.

మన దగ్గర 1936, 37ల్లో మోటార్ వెహికల్ ఇన్సూరెన్స్ కమిటీ వేశారు. ఇక్కడ కూడా తప్పనిసరి చేయాలని ఆ కమిటీ చెప్పింది. 1939 మోటారు వాహనాల చట్టంలో ఎనిమిదో అధ్యాయం అలా వచ్చింది. కానీ మధ్యలో ప్రపంచ యుద్ధం. ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న. అది బ్రిటిష్ ఇండియా చట్టం. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు.

తర్వాత కథ మెట్టుమెట్టుగా నడిచింది. మామూలు సివిల్ కోర్టుల్లో ఏళ్ళు పడుతున్నాయని 1956 సవరణతో ప్రమాదాల కోసమే క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ళు తెచ్చారు. 1982లో ఇంకో పెద్ద మార్పు. తప్పు ఎవరిదో తేలకముందే, చనిపోయిన మనిషి కుటుంబానికి 15,000, శాశ్వత వైకల్యం వస్తే 7,500 ఇవ్వాలన్నారు. 1988లో కొత్త చట్టం వచ్చింది, 1989 జూలై 1 నుంచి అమలు. పాత చట్టంలో లారీలకి, బస్సులకి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఇంతవరకే అని పరిమితులుండేవి. కొత్త చట్టం ప్రాణనష్టానికి, గాయాలకి ఆ పరిమితి తీసేసింది. ట్రిబ్యునల్ ఎంత అంటే అంత కంపెనీ కట్టాలి.

డ్రైవరుకి సరైన లైసెన్సు లేదు, కాబట్టి మేం కట్టం అని కంపెనీలు వాదించేవి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ముందు బాధితుడికి కట్టండి, యజమాని నిబంధన మీరాడని రుజువైతే తర్వాత ఆయన దగ్గర వసూలు చేసుకోండి అని. హారింగ్టన్ కేసులో బయట నిలబెట్టిన మనిషిని మెల్లగా లోపలికి తెచ్చి, అందరికంటే ముందు కూర్చోబెట్టిన చరిత్ర ఇది.

ఇప్పుడు ఈ రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూడండి. నా బంపరుకి తరుగు కోస్తారు, నా క్లెయిమ్‌లో డిడక్టిబుల్ కోస్తారు. కానీ నా కారు తగిలి గాయపడ్డ మనిషికి వచ్చే డబ్బులో డిడక్టిబుల్ అంటూ ఏమీ లేదు. అతని తప్పు కూడా ఉందని తేలితే ఆ మేరకి ట్రిబ్యునల్ తగ్గిస్తుంది, అది వేరే సంగతి. యజమానిగా నేను ఆ డబ్బులో వాటా కట్టక్కర్లేదు, పాలసీ సరిగ్గా ఉంటే.

ఈ ఒక్క మాట తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తాను.

పదేళ్ళ పైనే అయింది. మా పిన్ని పెద్దకూతురు, నాకు అక్క. ఆమె భర్త, మా బావ, సెంట్రింగ్ మేస్త్రి. వయసు 38. పనికెళ్ళి బైకు మీద తిరిగి వస్తుంటే కారు గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఇద్దరు పిల్లలు, ముసలి అత్తగారు. కారు పక్క ఊళ్ళో ఎరువుల కొట్టు ఆయనది. చెడ్డమనిషేమీ కాదు. ఆయనే ఆసుపత్రికి వచ్చాడు, ఏడ్చాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. "తెలిసినవాడు, కావాలని చేశాడా? కోర్టుకెక్కితే చితికిపోతాడు. లక్షన్నర ఇస్తానంటున్నాడు" అన్నారు. క్లెయిమ్ వేయం అని కాగితం రాశారు. అక్క నా వైపు తిరిగి "తమ్ముడూ, చదువుకున్నవాడివి, నువ్వెలా అంటే అలా" అంది. నేను "తీసుకో అక్కా" అన్నాను.

ఆ కారుకి ఇన్సూరెన్స్ ఉంది. ఆ రోజు ఆ సంగతి అడగాలని అక్కడున్న ఒక్కరికీ తోచలేదు. కోర్టుకెక్కితే ఆయన చితికిపోయేవాడు కాదు. కట్టాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ పని కోసమే ఆయన ఏటా ప్రీమియం కట్టాడు. పైగా ఆయన జేబులోంచి ఇచ్చిన లక్షన్నర కూడా ఆయన ఇవ్వక్కర్లేని డబ్బే.

ఇప్పటి పద్ధతిలో లెక్క కడితే ఎంతో చూడండి. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ఇది. బావ సంపాదన నెలకి 12,000 అనుకుందాం. ఏడాదికి 1,44,000. సొంత పని చేసుకునేవాడు, 40 ఏళ్ళ లోపు కాబట్టి, ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి. 2,01,600 అయింది. ఆయన మీద ఆధారపడ్డవాళ్ళు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద పావు వంతు తీసేయాలి. 1,51,200. 36 నుంచి 40 ఏళ్ళ వయసుకి గుణకం 15. మొత్తం 22,68,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలకి తోడు పోయినందుకు ఇచ్చేవి దీనికి అదనం. మేం తీసుకున్నది లక్షన్నర.

నాకు ఈ సంగతి నాలుగేళ్ళ తర్వాత ఒక లాయరు మిత్రుడి వల్ల తెలిసింది. అక్కకి చెప్పాను. "ఒకసారి తీసుకుని సంతకం పెట్టాక మళ్ళీ అడగడం బాగోదులే తమ్ముడూ" అంది. ఆ తర్వాత ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు. 5,500 కట్టినప్పుడు కౌంటర్లో అంత గట్టిగా అడిగిన నేను, ఆ రోజు ఒక్క ప్రశ్న అడగలేదు. అందుకే ఈ ఎపిసోడ్ చేయాలనుకున్నాను.

ఇప్పుడు చేయాల్సినవి క్లుప్తంగా చెప్పేస్తాను.

మీ బండికి మాత్రమే దెబ్బ తగిలితే, బండి కదిలించే ముందు ఫోటోలు తీయండి. కంపెనీకి వెంటనే ఫోన్ చేయండి. సర్వేయరు చూడకముందు రిపేరు మొదలుపెట్టించకండి. పెద్ద నష్టాలకి లైసెన్సు ఉన్న సర్వేయరే చూడాలని 1968 సవరణ నుంచి చట్టంలో ఉంది. ఆయన రాసిన లెక్క కాపీ అడిగి తీసుకోండి. తరుగు ఎంత, డిడక్టిబుల్ ఎంత, విడివిడిగా చూడండి. రిపేరు ఖర్చు బండి విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు. ప్రీమియం తగ్గుతుందని వాలంటరీ డిడక్టిబుల్ పెట్టుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, అది ఆ వెయ్యికి అదనంగా పోతుంది. మీది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే మీ బండికి రూపాయి కూడా రాదు. అది ఈ రోజే తీసి చూసుకోండి.

మనిషికి దెబ్బ తగిలితే ముందు ఆసుపత్రి. డ్రైవరు వైద్యం అందేలా చూడాలి, పోలీసులకి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఇది చట్టమే చెప్పింది. 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. అదే రోజు నుంచి, క్లెయిమ్ ఆరు నెలల్లోపు వేయాలన్న గడువు కూడా వచ్చింది. 1994లో గడువు ఎత్తేశారు, మళ్ళీ తెచ్చారు. దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. ఆ వాదనలు తేలేదాకా ఆగకండి, ఆరు నెలలు దాటనివ్వకండి.

1000 నుంచి 1500 సీసీ కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి 3,416 రూపాయలు. ఆ డబ్బు మన కోసం కడుతున్నాం అనుకుంటాం. నిజానికి అది మనకి తెలియని ఎవరో ఒక మనిషి కోసం కడుతున్నాం, ఆ మనిషి ఇంటి కోసం కడుతున్నాం. ఆ మనిషికి ఆ సంగతి తెలియకపోతే ఆ డబ్బు కంపెనీ దగ్గరే ఉండిపోతుంది.

మీ చుట్టుపక్కల ఎప్పుడైనా ఇలాంటి పంచాయితీ కూర్చుంటే, మీరు ఆ మంచం మీద కూర్చోవాల్సి వస్తే, మొదట ఒక్క ప్రశ్న అడగండి. "బండికి ఇన్సూరెన్స్ ఉందా?" అని. రాజీ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో బండి నడిపేవాళ్ళకి, ముఖ్యంగా ఊళ్ళో ఉండే పెద్దవాళ్ళకి వినిపించండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.